గట్టు మీద నుంచి చూసి శాతం కట్టొద్దు

పోస్టు పెద్దదే. పొలం పని చూసుకుని తీరిగ్గా చదవండి. మధ్యలో నాలుగు కూడికలు, ఒక వర్గమూలం కూడా వస్తాయి. భయపడొద్దు, ఫోన్లో కాలిక్యులేటర్ ఉంది కదా.

"ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 93 వ్యవసాయ కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి" అనే మాట రచ్చబండ దగ్గర ఎప్పుడొచ్చినా, ఎవరో ఒకరు అడ్డం పడతారు. "మా ఇంటికి ఎవరూ రాలేదే? అసలు మన ఊరికే రాలేదే? ఎట్లా తేల్చారంట?" అని. అడగాల్సిన ప్రశ్నే. కానీ దానికి జవాబు వినకుండానే "అంతా ఆఫీసులో కూర్చుని రాసుకుంటారులే" అని లేచి పోతున్నాం. అక్కడే నష్టపోతున్నాం. ఎందుకంటే ఇదే శాతాల లెక్క తుపాను వచ్చిన వారానికి మన గట్టు మీదకే వస్తుంది. అప్పుడు ఏం అడగాలో మనకు తెలియదు.

ముందు ఆ 93 సంగతి. 2019లో జాతీయ నమూనా సర్వే వాళ్ళు 77వ విడతలో దేశమంతా తిరిగి వ్యవసాయ కుటుంబాల ఆదాయం, అప్పు అడిగారు. మొదటి దఫాలో వెళ్ళింది 5,940 ఊళ్ళకు. అడిగింది 58,035 ఇళ్ళను. దేశంలో పల్లెటూరి కుటుంబాలు పదిహేడు కోట్ల పైమాటే. అంటే సుమారు మూడు వేల ఇళ్ళకు ఒక ఇల్లు. అందులోంచి చెప్పారు: దేశం మొత్తం మీద వ్యవసాయ కుటుంబాల్లో 50.2 శాతం అప్పులో ఉన్నాయి, మన ఆంధ్రలో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం అని. మూడు వేల ఇళ్ళకు ఒక ఇంటి తలుపు తట్టి ఇంత మాట ఎట్లా అంటారు?

మన ఆడవాళ్ళు రోజూ చేసే పనే అది. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి కుండంతా కుమ్మరించరు. ఒక్క మెతుకు పట్టి చూస్తారు. ఆ మాట మనందరికీ తెలుసు. అయితే ఆ మాట ఎప్పుడు నిజమో కూడా వాళ్ళకు తెలుసు. ఎసరు సమంగా మరిగి, మంట సమంగా తగిలితేనే ఒక్క మెతుకు చాలు. కట్టెల పొయ్యి మీద మంట ఒక పక్కకే ఎగదోస్తే అడుగు మాడుతుంది, పైన పలుకుగా ఉంటుంది. అప్పుడు పైన ఒక మెతుకు పట్టి చూసి దించేస్తే ఇంటిల్లిపాదీ పస్తే. గరిటె అడుగు దాకా పెట్టి నాలుగు చోట్ల నుంచి తీసి చూడాలి.

ఇంకో సంగతి గమనించారా? ఇంట్లో చిన్న గిన్నెలో పులుసు రుచి చూడటానికి ఎంత వేసుకుంటామో, పెళ్ళిలో గుండిగెడు సాంబారు రుచి చూడటానికి వంటాయన కూడా అరచేతిలో అంతే వేసుకుంటాడు. వెయ్యి మందికి వండాను కదా అని చెంబెడు తాగడు. బాగా తిప్పి ఉంటే చాలు. "దేశం ఇంత పెద్దది, అడిగింది ఇంతమందినేనా" అన్న ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉంది. పాత్ర ఎంత పెద్దదన్నది కాదు, తిప్పారా లేదా అన్నది, తీసింది చుక్కా గరిటెడా అన్నది చూడాలి. సర్వేలో తిప్పడం అంటే చీటీలు తీయడం. ఏ ఊరు, ఆ ఊళ్ళో ఏ ఇల్లు అన్నది వెళ్ళేవాడి ఇష్టానికి వదలకుండా చీటీల పద్ధతిలో ముందే తేల్చడం. రోడ్డు పక్క డాబాకీ, వాగు అవతల పూరింటికీ చీటీలో పేరు ఉండటం.

ఈ గొడవ కొత్తది కూడా కాదు. స్వాతంత్ర్యానికి ముందు బెంగాల్లో జనపనార, అంటే మన గోనె సంచుల నార, ఎంత పండుతుందో తేల్చడానికి మహలనోబిస్ గారు ఇట్లాగే చీటీల పద్ధతిలో కొన్ని చెక్కలు ఎంచి కొలిపించారు. "కొన్ని చెక్కలు చూసి రాష్ట్రమంతా చెప్తాడా" అని అప్పుడూ ఎగతాళి చేశారు. మరోపక్క ప్రతి కమతం తిరిగి పూర్తి లెక్క కూడా రాశారు. తీరా వ్యాపారుల దగ్గరకు సరుకు వచ్చాక చూస్తే నమూనా లెక్కే దగ్గరగా ఉంది, పూర్తి లెక్క బాగా తక్కువ చూపింది. వేలమందిని పెట్టి హడావిడిగా అన్నీ చూసిన లెక్క కన్నా, కొద్దిమందితో నిదానంగా కొన్ని చూసిన లెక్క నిలబడింది. ఆ మహలనోబిస్ గారు కలకత్తాలో పెట్టిన సంస్థలోనే మన తెలుగాయన సి.ఆర్.రావు గారు చేరి లోకమంతా మెచ్చే లెక్కలు కట్టారు. మన స్కూలు పుస్తకాల్లో ఆయన గురించి నాలుగు ముక్కలైనా ఉంటే బాగుండేది, సరే.

ఇప్పుడు మన పొలానికి వద్దాం. అసలు నేను ఈ పోస్టు రాస్తోంది దీని కోసమే.

ప్రకృతి వైపరీత్యంలో పెట్టుబడి రాయితీ రావాలంటే పంట నష్టం 33 శాతం గానీ అంతకు మించి గానీ ఉండాలి. 2015కి ముందు అది 50 శాతం ఉండేది, తగ్గించారు. కేంద్రం 2022లో సవరించిన లెక్క ప్రకారం నీటి వసతి ఉన్న పంటకు హెక్టారుకు 17,000 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. ఎకరానికి చూసుకుంటే ఏడు వేలు కూడా కాదు. దుక్కికీ నాట్లకూ కూడా చాలదు, అయినా అప్పుల్లో ఉన్నవాడికి అదే ఊపిరి. ఇక్కడ కత్తి అంచు చూడండి. నష్టం 34 అని రాస్తే డబ్బు, 32 అని రాస్తే సున్నా. మధ్యలో ఏమీ లేదు. కాబట్టి ఆ అంకె ఎట్లా పుట్టిందన్నది మనకు ప్రాణం.

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మాది ఆ చుట్టుపక్కలే. నాది రెండెకరాల నలభై సెంట్లు, అందులో ఎకరం కౌలు. వేసింది సాంబ మసూరి, మన 5204. కోతకు వచ్చిన చేను. ఆ రకం కాడ సంగతి మీకు చెప్పక్కర్లేదు, గట్టిగా గాలి వీస్తేనే వాలిపోతుంది, ఆ తుపానుకు నిలుస్తుందా. నీళ్ళు తీసేసరికి పల్లపు మడిలో వెన్నులు బురదలో నాని మొలకలు వచ్చేశాయి.

లెక్కకు మనుషులు వచ్చారు. ఎవరు, ఏ ఆఫీసు అన్నది ఇక్కడ అనవసరం. వాళ్ళకిచ్చింది నాలుగు రోజులు, చూడాల్సింది వందల ఎకరాలు. కాగితం మీద ప్రతి పొలం దిగి చూడాలి. జరిగింది ఏమిటంటే, డొంక పక్కన బండి ఆపి, గట్టు మీద నిలబడి, నా పొలానికి 25 శాతం అని రాసుకుని వెళ్ళారు.

మా పక్క పొలం బాబాయ్ "ఏదో ఒకటి చేద్దాం, పోయి గొడవ పడదాం పదరా" అన్నాడు. గొడవ పడితే ఏమొస్తుంది బాబాయ్, అంకెకు అంకెతోనే సమాధానం చెప్పాలి అన్నాను. పంట కోత ప్రయోగాలు ఎట్లా చేస్తారో ఇంతకు ముందు చూసి ఉన్నాను. సర్వే నంబరు చీటీల పద్ధతిలో వస్తుంది, పొలంలో నైరుతి మూల నుంచి ఇన్ని అంగలు పొడవు, ఇన్ని అంగలు అడ్డం అని అదీ చీటీలోనే వస్తుంది, అక్కడ ఐదు మీటర్ల చదరం గీసి కోస్తారు. (నైరుతి మూల వాస్తు కోసం కాదులెండి, అందరూ ఒకే చోటు నుంచి మొదలుపెట్టాలని.) అదే పద్ధతి మేం పట్టుకున్నాం.

నా పొలంలో మూడు మడులున్నాయి. డొంక వైపు రెండు మెరక, మురుగు కాలువ వైపు ఒకటి పల్లం. విస్తీర్ణం లెక్కన పల్లానికి తొమ్మిది చోట్లు, మెరకకు పదకొండు చోట్లు అనుకున్నాం. మొత్తం ఇరవై. బాబాయ్ మనవరాలు స్కూలుకి సెలవు కాబట్టి ఇంట్లోనే ఉంది, ఆ పిల్ల చేత అంగల చీటీలు తీయించాం. చీటీ ఎక్కడ చెబితే అక్కడికి వెళ్ళి, వరసగా ఇరవై దుబ్బులు చూడటం. బాగున్న చోటు వచ్చినా, బురదలో కూరుకుపోయిన చోటు వచ్చినా జరగకూడదు. ప్రతి చోటా ఫోటో. "దుబ్బు పోయింది" అంటే ఏమిటో కూడా ముందే కాగితం మీద రాసుకున్నాం: వెన్నుల్లో సగానికి పైగా గింజ మొలకెత్తో, నల్లబడో, రాలిపోయో ఉండాలి. ఊరికే వాలిన దుబ్బు పోయినట్టు కాదు. ఇది ముందే రాసుకోకపోతే లెక్క మధ్యలో మన మనసే మనల్ని మోసం చేస్తుంది.

పల్లంలో 180 దుబ్బులకు 121 పోయాయి. మెరకలో 220 దుబ్బులకు 55 పోయాయి. మొత్తం 400కి 176. అంటే 44 శాతం.

ఆ మెరక అంకె మళ్ళీ చూడండి. 220కి 55 అంటే సరిగ్గా 25 శాతం. గట్టు మీద నుంచి చూసి రాసిందీ 25 శాతమే! వాళ్ళు అబద్ధం రాయలేదు. కళ్ళకు కనపడింది ఉన్నదున్నట్టే రాశారు. కాకపోతే కళ్ళకు కనపడింది మెరక ఒక్కటే. రోడ్లు, డొంకలు ఎప్పుడూ మెరకనే పోతాయి, మునిగేది ఎప్పుడూ లోపలే. రోడ్డు మీద నుంచి వంద పొలాలు చూసినా, వెయ్యి చూసినా ఈ తప్పు తగ్గదు. వెయ్యిసార్లు ఒకే వైపుకు తప్పుతారు, అంతే. ఎక్కువ చూశాం అన్న ధైర్యం కూడా తోడవుతుంది, అది ఇంకా ప్రమాదం.

ఇక మన వైపు సంగతీ మాట్లాడుకోవాలి. అధికారి రాగానే చెయ్యి పట్టుకుని నేరుగా బాగా మునిగిన మడి దగ్గరకు తీసుకుపోయి "చూడండి సార్, అంతా ఇంతే" అనేవాళ్ళు మనలో తక్కువా? అది గట్టు మీద నుంచి చూడటం లాంటిదే, దిక్కు మారింది, అంతే. దీనివల్ల ఏమైందంటే, మనం ఏ శాతం చెప్పినా వాళ్ళు మనసులో సగం కోసేసుకోవడం అలవాటైంది. నిజం చెప్పినవాడు కూడా అందులో పోతున్నాడు.

సరే, 400 దుబ్బుల్లో 44 శాతం. పొలంలో దుబ్బులు లక్షల్లో ఉంటాయి. అసలు శాతం కూడా 44 అనుకోవచ్చా? కచ్చితంగా అంతే అనుకోలేం. ఇంకో ఇరవై చీటీలు తీస్తే 41 రావచ్చు, 47 రావచ్చు. ఎంత అటూ ఇటూ కావచ్చో తెలియడానికి ఒక లెక్క ఉంది. వచ్చిన శాతాన్ని, వందలో మిగిలినదాన్ని గుణించండి. 44ను 56తో గుణిస్తే 2464. దాన్ని లెక్కపెట్టిన దుబ్బుల సంఖ్యతో, అంటే 400తో భాగించండి. 6.16 వస్తుంది. దాని వర్గమూలం దాదాపు రెండున్నర. దాన్ని రెట్టింపు చేస్తే 5. అంటే 44కి అటు ఐదు, ఇటు ఐదు: 39 నుంచి 49. ఇట్లా వందసార్లు నమూనా తీసి వందసార్లు హద్దులు వేసుకుంటే, సుమారు 95 సార్లు అసలు శాతం ఆ హద్దుల మధ్యలో పడుతుంది. మిగతా ఐదుసార్లు తప్పిపోతుంది, దానికి ఎవరూ ఏమీ చేయలేరు.

అదే వంద దుబ్బులే చూసి ఉంటే? అదే లెక్క కడితే అటు పది, ఇటు పది వస్తుంది. 34 నుంచి 54. నాలుగు రెట్లు ఎక్కువ చూస్తే హద్దు సగానికి తగ్గుతుంది. నాలుగు రెట్లు కష్టపడితే నాలుగు రెట్లు లాభం ఉండదు, వ్యవసాయం లాగానే.

ఇందులో ఒక మెలిక ఉంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. ఈ లెక్క సరిపోవాలంటే ఒక్కో దుబ్బు విడివిడిగా, దేనికది చీటీలో రావాలి. మేం తీసింది ఇరవై చోట్లు, చోటుకు ఇరవై. పక్కపక్క దుబ్బులు ఒకే గాలికి పడతాయి, ఒకే నీళ్ళలో నానుతాయి. ఒకటి పోతే దాని పక్కది కూడా పోయి ఉంటుందని చూడకుండానే చెప్పవచ్చు. కాబట్టి ఇరవై దుబ్బులు చూసినా ఇరవై దుబ్బుల సమాచారం రాదు. అందుకని నేను హద్దును రెట్టింపు వెడల్పు వేసుకున్నాను. 44కి అటు పది, ఇటు పది. 34 నుంచి 54. అప్పటికీ 33 కింద పడలేదు. అదే మేం సుఖంగా ఒకే చోట కూర్చుని నాలుగు వందల దుబ్బులు లెక్కపెట్టి ఉంటే ఆ లెక్కకు విలువే ఉండేది కాదు. చోట్లు ఎక్కువ కావాలి, చోటుకు దుబ్బులు తక్కువైనా ఫర్వాలేదు.

కాగితం పట్టుకుని వెళితే మొదట వచ్చిన మాట: "మీ పొలం మీరే లెక్కపెట్టుకుంటే ఎట్లా ఒప్పుకుంటాం?" ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే అన్నాను, "మా లెక్క నమ్మొద్దు. ఇరవై చోట్ల అంగలు రాసి ఉన్నాయి, కర్రలు పాతి ఉన్నాయి. మీకు ఇష్టమైన మూడు చోట్లు మీరే ఎంచుకుని లెక్కపెట్టండి" అని. వచ్చారు. పల్లంలో రెండు, మెరకలో ఒకటి చూశారు. ఒక్క దుబ్బు తేడా వచ్చింది, అంతే. నాది, పల్లం వైపు ఇంకో నలుగురిదీ మార్చి రాశారు. మా వరసలో పూర్తిగా మెరక ఉన్నవాళ్ళకు రాలేదు, లెక్క ప్రకారం రాకూడదు కూడా. అది వాళ్ళ ముందే అన్నందుకు ఒకాయన నాతో ఇప్పటికీ సరిగ్గా మాట్లాడడు. కౌలు ఎకరం సంగతి వేరే గొడవ, అది ఇందులో కలపను.

నా అభిప్రాయం ఏమిటంటే, నష్టం అంచనా వేసే ప్రతి చోటా మూడు సంగతులు కాగితం మీద ఉండాలి. ఏ చోట్లు చూశారు, వాటిని ఎవరు ఎట్లా ఎంచారు, ఎన్ని దుబ్బులకు ఎన్ని పోయాయి. ఉత్త "25 శాతం" అని రాయడం కాదు, "20 దుబ్బుల్లో 5" అని రాయాలి. అప్పుడు దాని బలమెంతో ఎవరికైనా తెలుస్తుంది. 20 దుబ్బుల్లో 5 అంటే అసలు శాతం ఆరు కావచ్చు, నలభై నాలుగు కావచ్చు! ఆ లెక్క మీద ఒకడికి డబ్బు లేదు పొమ్మనడం దుర్మార్గం.

ఇంకో మాట కూడా అడగాలి. హద్దుల మధ్యలో 33 పడితే ఏం చేయాలి? ఉదాహరణకు 400కి 120 పోయాయి, 30 శాతం వచ్చింది, హద్దులు మామూలు లెక్కనే 25 నుంచి 35 దాకా ఉన్నాయి. నష్టం 33 దాటిందని చెప్పలేం, దాటలేదనీ చెప్పలేం. ఇప్పుడైతే అనుమానం వస్తే రైతుకే కోత. అట్లా కాదు, మళ్ళీ ఇంకో ఇరవై చోట్లు చూడాలి, అప్పటికీ తేలకపోతే రైతు వైపు మొగ్గాలి అంటాను. "అట్లా అయితే అందరూ తక్కువ దుబ్బులు చూపించి హద్దులు పెంచుకుని డబ్బులు తీసుకుంటారు" అంటారేమో. నిజమే, అందుకే కనీసం ఇన్ని చోట్లు చూడాల్సిందే అని నిబంధన పెట్టాలి. ఒక పొలానికి ఇద్దరు మనుషులు గంటన్నర. మేం చేసి చూశాం కాబట్టి చెప్తున్నాను.

తుపాను తర్వాత ఇదే కథ ధాన్యం అమ్మేచోట ఇంకో రూపంలో వస్తుంది. అక్కడ మన గొంతు మీద ఉన్న అంకె 5. పాడైన, రంగు మారిన, మొలకెత్తిన, పురుగు పట్టిన గింజలు అన్నీ కలిపి 5 శాతం మించకూడదు. తుపాను ఏడాది కొన్నిసార్లు సడలిస్తారు, అది వేరు. లారీ దగ్గర బస్తా మూతి విప్పి గుప్పెడు తీసి, అరచేతిలో పోసుకుని, "ఇది ఏడు ఉంటుంది" అంటారు. ఏడు ఎట్లా వచ్చింది? ఒక గుప్పెట్లోంచి వంద గింజలు ఏరితే ఏడు చెడ్డవి వచ్చాయనుకుందాం. పై లెక్కే కట్టండి: హద్దులు 2 నుంచి 12. ఐదు లోపల ఉందో బయట ఉందో ఆ వంద గింజలు చెప్పలేవు. అదే వెయ్యి గింజలకు డెబ్భై వస్తే హద్దులు ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర, అప్పుడు మన ధాన్యం నిజంగానే దాటింది, ఒప్పుకోవాల్సిందే. (అసలు పరీక్ష బరువు ప్రకారం చేస్తారు, గింజల లెక్కన కాదు. అయినా మనం ఇంటి దగ్గర ఒక అంచనా కోసం గింజలు లెక్కపెట్టుకోవచ్చు.) ఎన్ని గింజలన్న దానికన్నా ముందు అడగాల్సింది, ఎన్ని బస్తాల నుంచి తీశారు అని. కళ్ళంలో కుప్ప అడుగున తడి తగిలింది ఒక బస్తాలోకి, పైన ఎండింది ఇంకో బస్తాలోకి పోతుంది. పది బస్తాల నుంచి, మూతి దగ్గర, నడుమ, అడుగున గొట్టం గుచ్చి తీసి, గోనె మీద కలిపి, అందులోంచి తీయాలి.

విత్తనానికీ ఇంతే. మినుముకు మొలక కనీసం 75 శాతం ఉండాలి, వరికి 80. తడి గుడ్డలో వంద గింజలు చుడితే 68 మొలిచాయని షాపు మీదకు పోతే, అతను "వందలో అంత తేడా మామూలే" అంటాడు. ఆ మాట వరకు అతను చెప్పింది నిజమే, హద్దు 77 దాకా పోతుంది. నాలుగు వందలు వేసి 272 మొలిస్తే పై హద్దు కూడా 73 దాటదు. అప్పుడు మాట్లాడండి. ల్యాబులో మొలక పరీక్షకు నాలుగు వందల గింజలు తీసుకునేది ఊరికే కాదు. నలుగురు రైతులు తలా వంద వేసుకున్నా చాలు, అయితే అందరిదీ ఒకే లాటు నంబరు అయి ఉండాలి.

ఇక ఫోన్లలో పోలింగులు. "రాయితీ డబ్బులు పడ్డాయా, లేదా?" అని గ్రూపులో పెడతారు. వేలమంది నొక్కుతారు. 80 శాతం పడలేదని వస్తుంది. అది పట్టుకుని వార్త రాస్తారు. డబ్బు పడినవాడు పొలం పనిలో ఉన్నాడు, వాడికి నొక్కే అవసరం ఏముంది? పడనివాడే మంట మీద నొక్కుతాడు, భార్య ఫోన్లో కూడా నొక్కుతాడు. ఇది తిప్పని సాంబారు. గుండిగ నిండా ఉన్నా పైన తేలిన కరివేపాకే చేతికొస్తుంది. వెయ్యి మంది కాదు, లక్షమంది నొక్కినా దానికి హద్దులు కట్టే లెక్కే లేదు, ఎందుకంటే ఎవరికీ చీటీ తీయలేదు. అలాంటివి మన పోరాటానికి ఆధారంగా పట్టుకుపోతే అవతలివాడు రెండు నిమిషాల్లో తీసిపారేస్తాడు, మన నిజమైన బాధ కూడా దాంతో పాటే పోతుంది.

మళ్ళీ ఆ 93.2 దగ్గరకు. చీటీల పద్ధతిలో తీశారు కాబట్టి ఆ అంకెను నేను ఎగతాళి చేయను. అయితే అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. మొదటిది, దేనిలో 93? ఆ సర్వేలో "వ్యవసాయ కుటుంబం" అంటే పాసుపుస్తకం ఉన్న కుటుంబం కాదు. ఏడాదిలో వ్యవసాయం మీద 4,000 రూపాయల పైన విలువైన ఉత్పత్తి తీసి, ఇంట్లో ఒక్కరైనా సొంతంగా వ్యవసాయంలో ఉంటే చాలు. అంటే సెంటు భూమి లేని కౌలు రైతు కూడా ఆ లెక్కలో ఉన్నాడు. సర్కారు జాబితాల్లో కనపడని మనిషి సర్వేలో కనపడ్డాడు. ఈ సంగతి కౌలు రైతులు గుర్తుపెట్టుకుని వాడుకోవాలి.

రెండోది, అప్పు ఉందనడమూ చితికిపోయాడనడమూ ఒకటి కాదు. అదే సర్వేలో నాగాలాండ్‌లో అప్పున్న కుటుంబాలు 6.6 శాతమే. అంటే అక్కడి రైతు మనకన్నా పద్నాలుగు రెట్లు సుఖంగా ఉన్నాడని కాదు కదా. బ్యాంకు గడప తొక్కగలిగినవాడికే అప్పు పుడుతుంది. నాకైతే శాతం కన్నా మన రాష్ట్రంలో కుటుంబానికి సగటు అప్పు 2,45,554 రూపాయలన్నదే ఎక్కువ గుచ్చుకుంది, దేశం సగటు 74,121.

మూడోది, అడిగితే నిజం చెప్పామా? వడ్డీకి తెచ్చింది దాస్తాం, మాఫీ వస్తుందేమోనని ఇంకొంచెం కలిపి చెప్తాం. ఈ తప్పును ఎన్ని వేల ఇళ్ళు అడిగినా సరిచేయలేరు, ఆ వర్గమూలాల లెక్కకు అందదు అది.

వచ్చే తుపాను కాలం లోపల మా ఊరి గ్రామ సభలో ఒకటి పెట్టించాలని చూస్తున్నాం. సర్వే నంబర్లన్నీ మెరక, పల్లం అని ముందే రెండు జాబితాలు చేసి ఉంచడం. లెక్కకు మనుషులు వచ్చిన రోజు, ప్రతి పొలం దిగి చూసే తీరిక లేకపోతే, రెండు జాబితాల్లోంచీ అందరి ముందు చీటీలు తీసి ముందు ఆ పొలాలు దిగి చూడటం. దాంతో ఊరి మొత్తం నష్టం ఎంతో ఒక నమ్మకమైన అంకె వస్తుంది. అయితే అది ఊరి శాతమే, ఎవరి పొలం ఎంతన్నది అందులోంచి రాదు. దానికి మళ్ళీ పొలం పొలంలో ఇరవై చోట్లు చూడాల్సిందే. కానీ ఊరి అంకె చేతిలో ఉంటే, గట్టు మీద నుంచి రాసిన జాబితా అంటించిన రోజు రెంటినీ పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

మీ ఊళ్ళో క్రితంసారి లెక్క ఎట్లా జరిగిందో కామెంట్లో రాయండి. అన్యాయం జరిగింది అని ఒక్క ముక్క రాసి వదలొద్దు. మీ పొలంలో ఎన్ని చోట్ల దిగారు, ఆ చోట్లు ఎవరు చూపించారు, కాగితం మీద ఎంత రాశారు, మెరకా పల్లమా, ఈ నాలుగూ రాయండి. చదువుతాను, పనికొచ్చేవి మా సభలో చూపిస్తాను. అన్నీ కలిపి శాతం మాత్రం కట్టను, ఎందుకో పైన చెప్పాను.